మంత్రి ముందు బంటు

చింతామణి కల్యాణ మంటపంలో తాలూకా చదరంగం పోటీ. చివరి ఆట. ఇటు బట్టల కొట్టు కోదండరామ, అటు టమాటా మండీ మునికృష్ణప్ప.

ఏటా ఇదే జత. ఏటా ఓడేది కోదండరామే. ఈసారీ ఓడితే బజారు వీధిలో తలెత్తుకోలేనని ఆయన బెంగ. భార్య వాసవాంబ కూడా వచ్చి వెనక కుర్చీలో కూర్చుంది, గుర్తొచ్చిన దేవుళ్లందరికీ మొక్కుకుంటూ.

తెల్లపావులు కోదండరామవి. ఆయన ఆట ఎప్పుడూ ఒకేలా మొదలవుతుంది: మంత్రి ముందు బంటు రెండు గళ్లు ముందుకు. అది ఊరందరికీ తెలుసు. ఈరోజూ ఆ గడిలోని బంటునే తోశాడు. తోశాడు సరే, దాని వెనకాల ఉన్నది మంత్రి కాదు, రాజు.

రెండువైపులా అంతే. రాజు గడిలో మంత్రి, మంత్రి గడిలో రాజు. మునికృష్ణప్ప చూసుకోనే లేదు, తన బంటునూ తోసేశాడు.

కోదండరామ నోరు మెదపలేదు. నియమం ఆయనకు కంఠతా వచ్చు. పావులు తప్పుగా పేర్చి ఉంటే, ఆట ముగిసేలోగా ఎవరు చెప్పినా అది రద్దు, మళ్లీ కొత్తగా ఆడాలి. ఓడిపోయేలా ఉంటే చెప్పవచ్చు. గెలిచేలా ఉంటే చెప్పడమెందుకు?

ఓటమి భయం పోయేసరికి మనిషే మారిపోయాడు. గుర్రాన్ని బలిచ్చాడు. ఏనుగును శత్రువు ఇంట్లోకి తోలాడు. మధ్యాహ్నానికి మునికృష్ణప్ప రాజు మూలకు చేరాడు. ఇంకొక్క ఎత్తు, అంతే.

మునికృష్ణప్ప నుదురు తుడుచుకుని బోర్డును ఎగాదిగా చూశాడు. తర్వాత చెయ్యెత్తి నిర్ణేతను పిలిచాడు.

"అమ్మా అర్పితా, ఒకసారి ఇట్లా రా. మొదట్లో రాజు, మంత్రి తారుమారుగా ఉండిరి. సూడు."

కోదండరామ దిగ్గున లేచాడు. "ఇంతసేపు ఆడినాక ఇప్పుడేందప్పా! గెలిచేది నేను!"

"ఇంకా గెలవలేదు గదప్పా."

అర్పిత ఇద్దరూ ఎత్తులు రాసుకున్న కాగితాలు చూసింది. "ఆయప్ప చెప్పేది నిజమే సార్. ఈ ఆట రద్దు. మళ్లీ పేర్చండి."

మళ్లీ పేర్చారు. మళ్లీ ఆడారు. ఎప్పటిలాగే కోదండరామ ఓడాడు.

వాసవాంబకు కడుపు మండిపోయింది. "చేతికొచ్చిన గెలుపు పాయ గదా! ఆ పావులు తప్పు పేర్చినోళ్ల చేతులు పడిపోను!" అని మెటికలు విరిచింది.

పొద్దున అందరికంటే ముందే మంటపానికి వచ్చి రాజునూ మంత్రినీ మార్చిపెట్టిన కోదండరామ, తన రెండు చేతులూ మెల్లగా జేబుల్లో దాచుకున్నాడు.