ల్యాండ్‌మాస్టర్ వెనక సీటు

ముసలామె కారు వెనక తలుపు తీసి, వంగి, ముందు సీటు అడుగుకు చెయ్యి పోనిచ్చింది.

కారు సొంతదారు రత్నసభాపతి గబగబా దగ్గరికొచ్చాడు. పెయింట్ ఆరి పది రోజులు కూడా కాలేదు.

"తొడాదీంగమ్మా" అన్నాడు, ముట్టుకోవద్దని తమిళంలో.

ఆమె చెయ్యి తీయలేదు. వేళ్ళతో దేన్నో తడుముతోంది.

పీలమేడులో కాలేజీ మైదానం. ఏటా జరిగే పాత కార్ల ప్రదర్శన. ఈ పాత కార్ల పిచ్చివాళ్ళ సంగతి తెలిసిందే. నిన్న పరిచయమైన మనిషి పేరు మరిచిపోతారు. యాభై ఏళ్ళ కిందట తమ వీధిలో పోయిన కారు నంబరు మాత్రం గడగడా చెబుతారు. రత్నసభాపతీ ఆ బాపతే.

ఆయన ల్యాండ్‌మాస్టర్ కారు పోయినేడు పెరియకుళంలో ఒక మామిడితోట షెడ్డులో దొరికింది. వాళ్ళ నాయన కారూ ల్యాండ్‌మాస్టరే. ఈయనకు పదహారేళ్ళప్పుడు అమ్మేశారు. అయినా ఈయన కారు ముందు అట్ట మీద నాయన పేరే రాసి పెట్టుకున్నాడు.

అది ఇదేనా?

నంబరు మారింది. ఇంజను మారింది. కాగితాలు లేవు.

ఇంట్లో తొంభై రెండేళ్ళ తల్లి సౌందరం మంచం మీద నుంచి రోజూ అదే అడుగుతుంది. "మన కారేనా రత్నం? దాంట్లో ఒక గురుతు ఉండాదిరా." ఏం గురుతో ఆమెకే జ్ఞాపకం రాదు. అవునని అబద్ధం చెప్పడానికి ఈయనకు నోరు రాదు. ఆమె పోయేలోగా తేలుతుందో లేదోనని ఒకటే దిగులు.

ముసలామె మెల్లగా నిటారుగా నిలబడింది. కళ్ళు తడిగా ఉన్నాయి.

"అయ్యా, వెనక సీట్లో ఒక్క నిమిషం కూర్చోవచ్చా?" అంది తమిళంలో.

రత్నసభాపతి కూతురు చారులత వైపు తిరిగి తెలుగులోకి దిగాడు. పరాయివాళ్ళ ముందు గుట్టుగా మాట్లాడాలంటే, తమిళుల నడుమ ఉండే తెలుగు ఇళ్ళల్లో అందరూ చేసే పనే అది.

"మన కారో కాదో తేలక నేను చస్తా ఉంటే, నడుమ ఈమె ఒకతి. కూర్చుందంటే మళ్ళీ సీటంతా కడగాల. ఏదో ఒకటి చెప్పి పంపించు చారూ."

"పోనీలే నాయనా, ఒక్క నిమిషమే గదా."

"నీకు తెలీదు, ఊరుకో."

చారులత ముసలామె వైపు తిరిగి, మధ్యాహ్నం రమ్మని తమిళంలో చెప్పబోయింది.

ముసలామె అప్పటికే తలుపు మెల్లగా మూసేసింది. హ్యాండిల్ మీద పడ్డ తన వేలిముద్రల్ని చీర కొంగుతో తుడిచింది.

"వద్దు తల్లీ" అంది తెలుగులో. "ఈ సీటు నా కోసరం ఒకసారి కడిగినారు. అది చాలు."

అచ్చంగా వాళ్ళింట్లో మాట్లాడుకునే తెలుగే.

తరువాత రత్నసభాపతిని చూసి, "ఇది మీ కారే సామీ. ఇంక అనుమానం వద్దు" అంది.

ఆయనకు తల కొట్టేసినట్టయింది. రెండడుగులు వేసేలోగా ఆమె జనంలో కలిసిపోయింది.

ఇదంతా చూస్తూ అటుగా వచ్చిన కార్ల సంఘం కార్యదర్శి శరత్‌కుమార్ నవ్వాడు.

"ల్యాండ్‌మాస్టర్ పాటి గదా సార్. ఆ అవ్వను మేమందరం అట్లనే అంటాం. ఏడేండ్లుగా వస్తుండాది. వేరే కారు కన్నెత్తి చూడదు. ల్యాండ్‌మాస్టర్ కనిపిస్తే మాత్రం ముందు సీటు కింద చెయ్యి పెట్టి చూసి పోతుంది. కూర్చుంటానని ఎప్పుడూ అడగలేదే."

చారులత మోకాళ్ళ మీద కూర్చుని ఫోను లైటు వేసింది. ముందు సీటు అడుగున, పెయింట్ పడని ఇనుప పట్టీ మీద సన్నగా గీసిన అంకెలు.

5.40.

ఫోటో తీసుకుని తండ్రీ కూతుళ్ళు ఇంటికి పరుగెత్తారు.

సౌందరం ఫోనును కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది. ముడతలు పడ్డ ముఖం మెల్లగా వెలిగింది.

"మన కారే రత్నం. ఇది నా తలపిన్నుతో నేను గీసిందే."

"ఎందుకమ్మా?"

"నువ్వు మూడేండ్ల బిడ్డవు. మిల్లు దారిలో ఒకతి నొప్పులతో కింద పడి ఉండింది. ఎవురూ ముట్టుకోలేదు. నేను కారెక్కించినాను. ఆసుపత్రికి పోయేలోగానే ఆడబిడ్డ పుట్టేసింది, ఆ వెనక సీట్లోనే. పుట్టిన వేళ తెలవాల గదా, కాగితం లేదు. వాచీ చూసి ఆడనే గీసినాను."

రత్నసభాపతి తల్లి చేతిలోంచి ఫోను తీసుకుని ఆ అంకెల్ని మళ్ళీ చూశాడు.

"మీ నాయన సీటు పీకి పారేద్దామన్నాడు" అని సౌందరం నవ్వింది. "నేను ఒప్పుకోలేదు. నా చేతులతో నేనే కడిగినాను."

చారులత తండ్రి ముఖంలోకి చూడలేక కిటికీ వైపు తిరిగింది. ఆయన శరత్‌కుమార్‌కు ఫోను చేశాడు.

"ఆ పాటి ఇల్లెక్కడ శరత్?"

"తెలీదు సార్. పోతూ గేటు కాడ నా చెయ్యి పట్టుకునింది. దొరికింది తంబీ, ఇంక నేను రాను, అని చెప్పి బస్సెక్కేసింది."

"పేరైనా తెలుసునా?"

"ఇన్నేండ్లలో ఈరోజే అడిగినాను సార్. వాళ్ళమ్మను కారెక్కించుకున్న మహాతల్లి పేరే ఆమెకు పెట్టినారంట, సౌందరం."