కొండగాలి

“ఇవాళ బోర్డులు అద్దెకివ్వను,” అన్నాను, నీళ్ల మీద నిలబడి తెడ్డు వేసుకుపోయే ఆ పలకల్ని గొలుసుతో కట్టేస్తూ.

“అదేంటి కెహౌ ఆంటీ! నీళ్లు అద్దంలా ఉంటేనూ!” బ్రెంట్ నవ్వాడు. పెళ్లయిన వారానికే భార్యతో హవాయి వచ్చిన కుర్రాడు.

“ఒడ్డు దగ్గర అలాగే మెరుస్తాయి. మేం నీళ్లలో దిగేముందు కొండకేసి చూస్తాం, సముద్రంకేసి కాదు. ఆ మబ్బులు చూడు, ఎలా దిగుతున్నాయో. గాలంతా ఒడ్డు నుంచి సముద్రం లోపలికే తోస్తోంది.”

“మీ బేరం పోయింది లెండి. పక్క కొట్టాయన మా కార్లాకి ఇచ్చేశాడు. నేను ఒంటికి క్రీమ్ రాసుకొచ్చేలోపే వెళ్లిపోయింది.”

గొలుసు నా చేతిలోంచి జారింది. “ఎక్కడుంది?”

“అదిగో, ఎర్ర టోపీ. నిన్ననే నేర్చుకుంది, అప్పుడే ఎంత జోరో చూడండి! నా కోసం ఆగనైనా ఆగలేదు.”

కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాను. ఎర్ర టోపీ పగడపు దిబ్బ దాటేసింది.

“నిలబడి ఉందా, బాబూ?”

“లేదు, కూర్చుంది. చేతులూపుతోంది.” అతనూ హుషారుగా రెండు చేతులూ ఊపాడు.

“తెడ్డు వేస్తోందా?”

“అక్కర్లేదుగా! బోర్డు దానంతటదే పోతోంది...”

అతని చేతులు గాల్లోనే ఆగిపోయాయి.