రెండు పట్టీల అల్లుడు

అమలాపురం బస్టాండు ఎదురుగా బొండాలబండి దగ్గర మిలిటరీ జీపు ఆగింది. అందులోంచి దిగిన కుర్రాడి భుజాల మీద నక్షత్రాలు చూడగానే బాబ్జీ చూపు పక్కకి తిప్పేసుకున్నాడు.

రెండేసి నక్షత్రాలు. లెఫ్టినెంటు.

కాలేజీలో ఎన్‌సీసీ క్యాంపుకి వచ్చి ఉంటాడు. రావడానికి ఇంకో రోజు లేదు, తాగడానికి ఇంకో బండి లేదు. కోనసీమలో బొండాలకి కరువా!

బాబ్జీ కూడా యూనిఫారంలోనే ఉన్నాడు. సెలవైపోయి తిరిగి వెళ్తున్నవాడు లుంగీలో వెళ్లినా అడిగే దిక్కులేదు. మామగారు సుబ్రహ్మణ్యేశ్వరరావు గారు ఒప్పుకుంటేగా! "అంబాజీపేట అల్లుడు మిలిటరీ ఆఫీసరని బస్టాండంతా చూడాలండీ" అని పట్టుబట్టి మరీ వేయించారు.

అసలు రోగం అక్కడే ఉంది. బాబ్జీ ఆఫీసరు కాడు. నాయక్. సిపాయికి రెండు మెట్లు పైన, అంతే. చేతి మీద రెండు పట్టీలుంటాయి. పెళ్లికి ముందు, సంబంధాలు చూసే త్రిమూర్తులు ఆ పట్టీలున్న ఫొటో చూపించి "కెప్టెనండి. చూడండి, ఒకటి కాదు, రెండు!" అన్నాడు. కొబ్బరి వ్యాపారం తప్ప ఇంకోటి ఎరగని మామగారు ఎంతో గౌరవంగా తలాడించారు. బాబ్జీ నోరు విప్పలేదు. పెళ్లిచూపులాయె, ఎదురుగా మాధవీలత కూర్చుని ఉంది మరి. విప్పితే లేచి లోపలికి వెళ్లిపోతుందేమోననిపించింది.

పెళ్లయ్యాక చెప్దామనుకున్నాడు. సెలవుకి వచ్చిన ప్రతిసారీ అనుకున్నాడు. నోటిదాకా వచ్చేది, అన్నంతోపాటు మింగేసేవాడు.

ఇప్పుడు ఆ లెఫ్టినెంటు ఇటు చూస్తే సెల్యూట్ చెయ్యాలి. హోదాలో చిన్నవాడే ముందు చెయ్యెత్తాలి. తమ్ముడి వయసున్న కుర్రాడికి కెప్టెన్ గారు టక్కున చెయ్యెత్తితే ఎవరు ఎక్కువో ఎవరు తక్కువో మామగారికి కూడా అర్థమైపోతుంది. ఎత్తకపోతే ఆ కుర్రాడే పిలిచి, నీది ఏ యూనిట్టని అందరి ముందూ నిలదీస్తాడు.

ముందు నుయ్యి, వెనక గొయ్యి, పక్కన మామగారు.

ఆయన తిడితే తలొంచుకోవచ్చు. తప్పంతా త్రిమూర్తులు మీదికి తోసెయ్యొచ్చు. మాధవీలత ఒక్క మాటా అనకుండా ముఖం తిప్పుకుంటే మాత్రం ఇంక బతికీ దండగే.

బాబ్జీ స్తంభం చాటుకి జరిగాడు.

"అక్కడేం పనండీ, ఇలా రండి" అంది మాధవీలత. ఆవిడ జీపు వైపు చూసినట్టే లేదు. ధ్యాసంతా సామాన్ల మీదే. "ఈ ఆవకాయ జాడీ పట్టుకోండి. నిటారుగా పట్టుకోవాలి. నూనె కారిందంటే బట్టలన్నీ పోతాయి."

"బస్సు రానీ, పట్టుకుంటాను."

"ఇప్పుడే పట్టుకోవాలి." జాడీ కుడిచేతిలోకి వచ్చేసింది. "ఇవి పూతరేకులు. కింద పెట్టారో, పొడి తినాలి." ఎడంచెయ్యి కూడా నిండింది.

"మాధవీ, నేనొకసారి బాత్రూముకెళ్లి..."

"బస్సొచ్చే వేళకా?" అంటూ అతని టోపీ లాగేసింది. "తలంతా చెమట. జలుబు చేస్తే అక్కడ ఎవరు చూస్తారు?" కొంగుతో నుదురు తుడిచి, టోపీ చంకలో పెట్టుకుంది.

పెళ్లాం ప్రేమకి వేళాపాళా ఉండదు. బాబ్జీకి ఏడుపొక్కటే తక్కువ.

అంతలో మామగారి కన్ను జీపు మీద పడనే పడింది.

"అల్లుడుగారూ, అడుగో మీవాడే! పాపం, రెండు చుక్కలే ఇచ్చేరు. మీకేమో బెత్తెడేసి పట్టీలాయె. మిమ్మల్ని చూసి సెల్యూట్ కొట్టలేదేంటండి?"

"వదిలెయ్యండి మావయ్యగారూ. బొండాం తాగుతున్నారు."

"తాగితే? మర్యాద మర్యాదే కదండీ. ఆయ్, నేను చెప్పొస్తానుండండి."

పట్టుకుని ఆపుదామంటే చేతులు ఖాళీ లేవు. ఆయన పంచె ఎగ్గట్టి రోడ్డు దాటేశారు.

"బాబూ, అక్కడున్నది మా అల్లుడుగారండి. మీకన్నా చాలా పెద్ద హోదా. ఓసారి చెయ్యెత్తితే బాగుంటుంది కదండీ" అన్నారు, బస్టాండంతా వినబడేలా.

కుర్రాడికి తెలుగు రాదు. పెద్దాయనెవరో ఆప్యాయంగా పలకరిస్తున్నారనుకుని నవ్వాడు. ఆయన చెయ్యి చూపించిన వైపు తిరిగాడు. చూపు ముందు పట్టీల మీద పడింది. తర్వాత ముఖం మీదికి వచ్చింది.

అయిపోయింది, అనుకున్నాడు బాబ్జీ. మడమలు వాటంతటవే కలిశాయి. ఛాతీ లేచింది. జాడీతో సహా బిగుసుకుపోయి నిలబడ్డాడు.

లెఫ్టినెంటు అతని టోపీ లేని తల చూశాడు. నిండిన రెండు చేతులూ చూశాడు. చిన్నగా తలూపి, బొండాం పారేసి, జీపెక్కాడు.

అప్పుడు గుర్తొచ్చింది బాబ్జీకి. నెత్తిన టోపీ లేకపోతే సెల్యూట్ లేదు. చేతుల నిండా బరువున్నా లేదు. నిటారుగా నిలబడితే చాలు, మర్యాద చేసినట్టే. ట్రైనింగులో మొదట్లోనే నేర్పిన పాఠం, కంగారులో కొట్టుకుపోయింది.

"చూసేరా! నేను చెప్పేక ఎలా తలవంచేడో!" అంటూ మామగారు మీసం దువ్వుకుంటూ తిరిగొచ్చారు.

బాబ్జీ తెలిసిన దేవుళ్లందరికీ మనసులోనే దణ్ణాలు పెట్టుకున్నాడు. పెళ్లానికి ఇంత సామాన్ల పిచ్చి ఇచ్చినందుకు ఇంకోటి అదనంగా పెట్టాడు.

రాజమండ్రి బస్సొచ్చింది. కెప్టెన్ గారికి కిటికీ సీటు కావాలని మామగారు కండక్టరు వెంటపడ్డారు. మాధవీలత దగ్గరికొచ్చి జాడీ అందుకుని, చంకలోని టోపీ చేతికిచ్చి, అతనికి మాత్రమే వినబడేలా అంది:

"ఇంక టోపీ పెట్టుకోండి నాయక్ గారూ, ఆ లెఫ్టినెంటు గారి జీపు మలుపు తిరిగిపోయింది."