ఎండాకాలం కొలత

"ఏయ్, మా బావిల ఏం కలుపుతున్నవ్?"

నీలమ్మ కేకకు ముసలాయన చేతిలోని ఇనుప టేపు ఆగిపోయింది. దాని చివరన తెల్లటి పొడి.

"సుద్ద రుద్దానమ్మా. ఎక్కడిదాకా తడిసిందో చూస్తే నీళ్లెంత లోతున ఉన్నాయో తెలుస్తుందండీ."

జూలై నుంచి ప్రతి నెలా ఒకటో తారీకున ఈ కల్మల ఊరికి వచ్చి, బావులు కొలిచి, పుస్తకంలో రాసుకుపోయే మనిషే. ఎనిమిది నెలల్లో ఎవరూ పేరు కూడా అడగలేదు.

ఇప్పుడు మార్చి. ఊరి పక్కన డేటా సెంటర్ లేస్తోంది. యంత్రాలు చల్లబడటానికి ఇరవై బోర్లు వేస్తారట. అవి పడితే నీలమ్మ మిరపచేనుకు చుక్క మిగలదు.

ఆమె భర్త నారప్ప పరుగెత్తుకొచ్చాడు.

"కంపెనీవోడే వీడు! మాట విన్నవా? అండీ, అండీ అంటుండు. భూములు అడగనీకి వచ్చినోడు గూడ గిట్లనే తియ్యగ మాట్లాడె."

"కంపెనీ మనిషిని కాదండీ. మీ మేలు కోసమే..."

"వాడు గూడ గదే అన్నడు!"

"ఈ వయసుల దలాలీ ఏంది? సిగ్గు లేదా?" అంది నీలమ్మ.

"ఈ ఎండాకాలం ఒక్కటి కొలవనివ్వండమ్మా. మూడే నెలలు."

నారప్ప టేపు లాక్కుని ముళ్లకంపలోకి విసిరాడు.

"మళ్ల కనబడితే కాళ్లు విరగ్గొడ్త."

ముసలాయన కంపలో చెయ్యి పెట్టి టేపు తీసుకున్నాడు. చేతి మీద గీతలు పడ్డాయి.

ఏప్రిల్‌లో వచ్చాడు. మేలోనూ వచ్చాడు.

"దలాలీ ముసలోడొచ్చిండు!"

రెండుసార్లూ ఊరి మొదట్లోనే తిప్పి పంపారు. ఆ తర్వాత రాలేదు.

వానలు పడ్డాక బోర్ల అనుమతి మీద ఊళ్లో విచారణ పెట్టారు. ఊరంతా వచ్చి వద్దు వద్దని అరిచింది.

అధికారి చెయ్యెత్తాడు.

"అరిస్తే సాక్ష్యం కాదు. రాతలో వచ్చిన అభ్యంతరం ఒక్కటే. మీ బావుల కొలతలన్నీ జతచేశారు. కానీ మార్చి నుంచి మే దాకా ఖాళీ. ఎండాకాలంలో నీళ్లెంత అడుగంటుతాయో చూపే ఆ మూడు నెలలు ఉంటే బోర్లు ఆపేవాణ్ణి. లేవు కాబట్టి అనుమతి ఇవ్వక తప్పదు."

నారప్ప ఊగిపోయాడు.

"ఎవడు సార్ గా పనికిమాలినోడు? గా మూడు నెలలు ఏడ పండుకున్నడు?"

అధికారి కాగితం తిప్పాడు.

"జయరామయ్య, కరెంటు స్టేషన్‌లో పనిచేసి రిటైరైన ఆయన, ఆ మూడు నెలలు మీరే బావుల దగ్గరికి రానివ్వలేదని రాశారు."