చెయ్యెత్తితే మిషన్ ఆగాలి

సంతోషమ్మ చెయ్యెత్తింది.

స్విచ్ దగ్గరున్న కూలీ పెద్దన్న రాళ్లు కోసే మిషన్ ఆపేశాడు.

అవతలి నుంచి విసవిసా వచ్చిన మేస్త్రీ నరసింహులు, ఎందుకని అడగకుండానే సంతోషమ్మ చెంప మీద ఒక్కటిచ్చాడు. ఆమె కోసి పేర్చిన బండల మీద పడింది.

"సాయంత్రానికి బండలు లారీకెత్తాలని చెప్పినానా లేదా? నీకు బుద్ధి పుట్టినప్పుడు ఆపేదానికి ఇదేమన్నా నీ ఇంట్లో కుట్టుమిషనా?"

మార్కాపురం నుంచి తర్లుపాడు పోయే దారిలో ఉన్న ఆ పలకరాయి ఫ్యాక్టరీలో నరసింహులు పద్దెనిమిదేళ్లుగా మేస్త్రీ. ఈ ఆర్డరు తప్పితే మేస్త్రీ పని ఇంకొకరికి ఇస్తానని ఓనరు మొహం మీదే చెప్పాడు. గడువు ఇవాళ్టితో సరి. ఇంకా రెండు వందల బండలు కోయాలి. మళ్లీ నెత్తిన రాళ్లు మోసే వయసు కాదు నరసింహులుది.

"ఆపమన్నది నేనన్నా. కొట్టాలంటే నన్ను కొట్టు."

ఆ మాటన్నది విజయ్ కుమార్.

పనులు చక్కబెట్టడానికని ఓనరు నెల కిందట బయటి నుంచి పిలిపించిన మనిషి. యాభై దాటిన వయసు, నెమ్మది మాట. ఆయన వచ్చిన మర్నాటి నుంచే పొద్దున పది నిమిషాలు అందరూ గుండ్రంగా నిలబడాలి. నిన్న ఏం చేశాం, ఇవాళ ఏం చేస్తాం, ఎక్కడ అడ్డం పడుతోంది, ఇవన్నీ కూలివాళ్లు కూడా నోరు విప్పి చెప్పాలి. ఆ అడ్డం ఎవరు తీస్తారో గోడకు ఆనించిన పెద్ద పలక మీద సుద్దముక్కతో రాయాలి. మోసే దూరం తగ్గాలని రాళ్ల కుప్పను మిషన్ పక్కకే జరిపించాడు. అన్నిటికన్నా ముఖ్యం ఒకటి: ఎవరు చెయ్యెత్తినా మిషన్ ఆగాలి. ఎందుకని ఆ తరువాతే అడగాలి.

"ప్రార్థన అయిందా? ఇంక పనికి పోండి" అని నరసింహులు రోజూ ఎగతాళి చేసేవాడు. మొదట్లో ఆడవాళ్లు నవ్వేవారు. వారం తిరిగేసరికి, ఏం చేయాలో తెలుసుకోవడానికి వాళ్లు మేస్త్రీ మొహం చూడటం మానేసి పలక చూడసాగారు. అదే నరసింహులు కడుపులో మంట.

"ఎందుకు ఆపించినావు సంతోషమ్మా?" విజయ్ కుమార్ అడిగాడు.

"బ్లేడు పాట మారింది సారూ." ఆమె పెదవి మీది రక్తాన్ని కొంగుతో తుడుచుకుంది. "రోజూ గుయ్యిమంటాది. ఇప్పుడు మధ్యమధ్యలో టిక్కుమంటాంది."

"పాటంట. ఆదివారం పోయి చర్చిలో పాడుకో" అంటూ నరసింహులు స్విచ్ వైపు నడిచాడు.

విజయ్ కుమార్ అడ్డంగా నిలబడ్డాడు.

"ఒక్క గంటన్నా. బ్లేడు ఊడదీసి చూద్దాం. లారీ సంగతి ఓనరుకు నేను చెప్పుకుంటా."

"నీకేంది? రేపు వేరే ఊరు చూసుకుంటావు. పోయేది నా బతుకు."

పక్కనే పడున్న ఇనుప పైపు నరసింహులు చేతికి అందింది.

మొదటి దెబ్బ భుజం మీద పడింది. రెండోది మోకాలి మీద. విజయ్ కుమార్ రాతి చిప్పల మీద కూలబడ్డాడు. అరచేతులు చీరుకుపోయాయి. లేచి మళ్లీ స్విచ్‌కు అడ్డం నిలబడ్డాడు.

"తిరగబడవేంది? చేతుల్లేవా నీకు?"

"కొట్టన్నా. మిషన్ మాత్రం వేయొద్దు."

మూడో దెబ్బకు నుదురు పగిలింది. ఈసారి వెంటనే లేవలేకపోయాడు. పెద్దన్న అడ్డం రాబోతే నరసింహులు పైపు ఝళిపించాడు. స్విచ్ వేశాడు. పైపు పారేసి బండను తానే బ్లేడు కిందికి తోశాడు.

ఒకటి తెగింది. రెండోది తెగింది.

"చూసినారా? ఏం పాట మారింది?"

మూడో బండ సగంలో ఉండగా ఎవరో వెనక నుంచి ఎద్దు పొడిచినట్టు తోశారు. నరసింహులు బురద నీళ్లలో బోర్లా పడ్డాడు. తల మీదుగా టప్‌మని చప్పుడైంది.

లేచి చూస్తే, తానున్న చోట విజయ్ కుమార్, తన మెడ తనే పట్టుకుని నిలబడి ఉన్నాడు. వేళ్ల సందుల్లోంచి రక్తం చిమ్ముతోంది. బ్లేడుకు ఒక పన్ను లేదు.

మార్కాపురం ఆసుపత్రి చేరకముందే ఆటోలో ప్రాణం పోయింది.

పోలీసులు వచ్చారు. సంతోషమ్మ పైపు సంగతి దాచలేదు. సోమవారం స్టేషనుకు రమ్మని మేస్త్రీకి చెప్పి పోయారు.

సోమవారం నరసింహులు బయలుదేరబోతుండగా ఫ్యాక్టరీకి ఒక అమ్మాయి వచ్చింది. పాతికేళ్లుంటాయి.

"నా పేరు ఫెబీ. విజయ్ కుమార్ బిడ్డను. నాయన గుడ్డలు తీసుకపోదామని వచ్చినా."

షెడ్డు వెనక గది తాళం నరసింహులే తీశాడు. ఆమె లోపలికి పోయి చొక్కాలు ఒక్కొక్కటే మడతపెట్టసాగింది.

"మీ నాయనను కొట్టింది నేనే తల్లీ."

"తెలుసు. సంతోషమ్మత్త చెప్పింది."

ఆమె తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండుననుకున్నాడు.

"ఒక్క దెబ్బ తిరిగి కొట్టలేదు. కొట్టినోణ్నే కాపాడినాడు. ఎందుకట్ల?"

ఫెబీ చేతులు ఆగాయి.

"మా అమ్మ గిద్దలూరు కాడ బండల ఫ్యాక్టరీలో చేసేది. బ్లేడు తేడాగా ఉంది, ఆపమని మొత్తుకున్నా మేస్త్రీ ఇనలేదు. చెంప మీద కొట్టి మరీ మిషన్ వేయించినాడంట. అక్కడికక్కడే పోయింది. నాకప్పుడు ఆరేండ్లు."

నరసింహులు గడప మీద కూర్చున్నాడు.

"ఆ మేస్త్రీని ఏం చేసినారు తల్లీ?"

"ఏం చేస్తాం పెదనాయనా?" ఫెబీ ఆఖరి చొక్కా సంచిలో పెట్టింది. "ఆయన వండిపెట్టిన కూడు తినే పెరిగినా. ఆ మేస్త్రీ మా నాయనే."