అత్త పాస్ చెయ్యని సీను

"ఒక్క ముక్క కూడా నాకెక్కనేదు," అంటూ లాప్‌టాప్ ముందు నుంచి లేచింది దోర్కా. "ఆ హీరో మాటాడతన్నాడా, పకోడీ నముల్తన్నాడా?"

ఏంజలిన్ తల పట్టుకుంది. పొద్దుటి నుంచి ఇది మూడోసారి. మలంచా రోడ్డు పక్కనున్న ఆ ఇంట్లో మేనత్త దోర్కా ఊ అనందే చీపురు కూడా చోటు మారదు. అయినా సీను అత్తకు చూపించాలన్న బుద్ధి తనకే పుట్టింది కాబట్టి ఇంకెవరినీ అనడానికి లేదు.

అది హిందీలో తీసిన సినిమా. తెలుగు డబ్బింగ్‌కు తగ్గట్టు నటుల పెదాలను, దవడలను కంప్యూటర్లో మార్చేసి, వాళ్ళు తెలుగులోనే నటించారనిపించాలి. హైదరాబాదు కంపెనీ ఒకటి పరీక్షగా ఒక్క సీను ఇచ్చింది. సాయంత్రానికి అది నచ్చితే సినిమా మొత్తం ఏంజలిన్ చేతికొస్తుంది. నచ్చకపోతే ముంబై వాళ్ళకు పోతుంది. ఇన్నాళ్ళూ పెళ్ళి వీడియోల్లో జంటల మీద దొంగ పూలవాన కురిపిస్తూ బతుకుతున్న పిల్లకు ఇది చిన్న విషయమా?

గిన్నెడు ముడీ, అదే మరమరాలు, పట్టుకుని వచ్చిన పక్కింటి తబిత సీను చూసి, "నాకైతే బాగానే ఉంది వదినా. హీరో సందమామలా ఉన్నాడు," అంది దోర్కా ఎదురుగా కూర్చుని.

"సందమామకి నోరుంటాదేటి? ఈడికీ నేదు," అంది దోర్కా, ఆ గిన్నెలోంచి గుప్పెడు ముడీ తీసుకుంటూ.

దోర్కా సంగతి ఆ వీధంతా ఎరిగినదే. డబ్బింగ్ సినిమా అంటే ఆవిడకు ఒళ్ళుమంట. అన్నీ అవే అయిపోయాక సినిమా హాలు మొహం చూడడమే మానేసింది. ఇక ఎంతటివాళ్ళైనా సరే, ఎదురుగా నిలబడి మొహం చూసి మాట్లాడకపోతే జవాబు దక్కదు. అదొక దర్జా ఆవిడకి.

అంతలో కంపెనీ నుంచి ఉమాశంకర్ వీడియో కాల్ చేశాడు. "సీను పంపేశారా?"

"లేదు సార్. మా అత్తకు నచ్చలేదు."

"మధ్యలో మీ అత్త ఎవరండీ! మా టీమంతా చూసి బ్రహ్మాండం అన్నారు. ఏదీ, ఒకసారి ఆవిడకివ్వండి ఫోను."

ఏంజలిన్ అత్త భుజం తట్టి ఫోను చేతిలో పెట్టింది. ఉమాశంకర్ గుబురు మీసాలు సవరించుకుని, "నమస్కారమమ్మా. మీకు ఎక్కడ తేడా అనిపించింది?" అని ఎంతో మర్యాదగా మొదలుపెట్టాడు. సగంలో నెట్‌వర్క్ మందగించి తెర మీద బొమ్మ ఆగిపోయింది. అంతే, దోర్కా ఫోను తిరిగిచ్చేసింది.

"నీ సారు బొమ్మైపోయినాడు. ఆ మీసాలు కత్తిరించుకోమని సెప్పు. మాటలన్నీ అందులోనే ఉండిపోతన్నాయి."

ఫోన్లోంచి "అమ్మా, అమ్మా" అని ఆయన ఇంకా పిలుస్తూనే ఉన్నాడు పాపం. తబిత నవ్వాపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇంత పొగరేమిటండీ?" అన్నాడాయన ఏంజలిన్‌తో. "ఇదిగో, సాయంత్రం దాటితే నేనేం చెయ్యలేను."

ఏంజలిన్‌కు ఏడుపొచ్చింది. మళ్ళీ సీను ముందు కూర్చుంది. నిజానికి తప్పెక్కడుందో ఆమెకు తెలియకపోలేదు. హీరో అందం చెడకూడదని కంపెనీ గట్టిగా చెప్పడంతో, పెదాల కదలికను సగానికి సగం తగ్గించింది. మొహం నున్నగా వచ్చింది కానీ మాటలో పస పోయింది. ఏమైతే అదైందని ఆ తగ్గించినదంతా తిరిగి కలిపేసింది. ఇప్పుడు హీరో నోరారా మాట్లాడుతున్నాడు. వంకర పన్ను కనబడుతోంది. దవడ ఓ పక్కకు లాగుతోంది.

ఆమె పంపిన సీను చూడగానే ఉమాశంకర్ మళ్ళీ వీడియో కాల్ చేసి లబోదిబోమన్నాడు. "పన్ను కనబడుతోందండీ! అభిమానులు మనల్ని బతకనిస్తారా?"

"ఒక్క మాట సార్. మా అత్త దీన్ని చూస్తున్నప్పుడు మీరు ఆవిడ మొహం చూడండి. తర్వాత మీ ఇష్టం."

ఫోనును మంచినీళ్ళ చెంబుకు ఆనించి, అత్త వైపు తిప్పింది. చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి అత్తను లాప్‌టాప్ ముందు కూర్చోబెట్టింది. "ఈ ఒక్కసారీ సూడత్తా. నచ్చకపోతే ఇంక అడగను."

తెర మీద హీరో పెళ్ళాం పక్కన కూర్చుని చెబుతున్నాడు: "పెళ్ళైన కొత్తలో నువ్వు చేసిన పాయసంలో పంచదారకు బదులు ఉప్పు పడింది. నీ మొహం చిన్నబోతుందని రెండు గ్లాసులు తాగేశాను."

దోర్కా ముందుకు వంగింది. కళ్ళు పెద్దవయ్యాయి. ఉన్నట్టుండి పకపకా నవ్వేసింది.

"ఓలమ్మో! ఉప్పు పాయసం రెండు గిలాసులు తాగినాడంట, సన్నాసి! తబితా, మీ అన్న కూడా అంతేనే. నా సేత్తో ఏటి పెట్టినా బాగుందనేవోడు." నవ్వుతూ నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "మళ్ళీ ఎయ్యి పిల్లా. ఈడు మడిసి. ఈడి మాట నాకెక్కింది. ఈ సినిమా వచ్చినరోజు నేనూ హాలుకి వస్తాను."

ఏంజలిన్ అత్తను గట్టిగా వాటేసుకుంది. ఎంత ఆపుకుందామన్నా ఏడుపు ఆగలేదు. ఆ ఆనందం ముందు సినిమా వచ్చినా పోయినా ఒకటే అనిపించింది ఆమెకు.

అదంతా ఫోన్లో చూసిన ఉమాశంకర్ మీసాలు సవరించుకున్నాడు. "పన్ను ఉండనివ్వండి. సినిమా మొత్తం మీరే చెయ్యండి. ప్రతి సీనూ ముందు ఆవిడ చూడాలి, ఆ తర్వాతే మేము."

"థ్యాంక్యూ సార్!"

"అవునూ, ఇంతమందిమి చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని మాట మాటా సరిచూశాం. మాకెవరికీ దొరకని తప్పు ఆవిడకెలా దొరికిందండీ?"

"మా అత్తకు చెవులు వినపడవు సార్."