మజ్జిగ ఇచ్చిన బ్యాంకు

చీరాలలో బట్టలు కుట్టే కోటిరత్నానికి రోజూ నలభై బ్యాంకు మెయిళ్ళు వస్తాయి. ఈ కాలపు మెయిళ్ళు చదివే పని పెట్టవు, వాటంతటవే నోరు తెరిచి మాట్లాడతాయి.

"కోటిరత్నం గారూ, మోకాలి నొప్పి ఎలా ఉందమ్మా? ఒక్కసారి మీ పిన్ నంబరు చెబుతారా?" అంది పొద్దున్నే ఒకటి.

"పాపం, ఎంత మర్యాదగా అడుగుతుందో చూడు!" అన్నాడు మొగుడు సాంబయ్య.

"అందుకే అది దొంగది. మన బ్యాంకు ముప్పయ్యేళ్ళలో ఒక్కసారన్నా నా మోకాలి సంగతి అడిగిందా?" అంటూ ఆమె దాన్ని చెరిపేసింది.

పన్నెండింటికి ఇంకోటి వచ్చి కసురుకుంది. "మీ సంతకం కలవలేదు. ఇవాళ బ్రాంచికి వచ్చి వేలిముద్ర వెయ్యకపోతే ఖాతా ఆగిపోతుంది. జిరాక్సులు మూడు తెచ్చుకోండి."

"ఇదయ్యా అసలుది!" అని కోటిరత్నం సంబరంగా చెప్పులేసుకుంది.

బ్యాంకులో కౌంటరు వెనకున్న కొత్తమ్మాయి ఆమెను చూసి లేచి నిలబడింది. "రండమ్మా, ఎండన పడి వచ్చారు. ముందు కూర్చుని మజ్జిగ తాగండి. వేలిముద్ర నేనే వేయిస్తాను."

కోటిరత్నం బొటనవేలు పిడికిట్లో దాచేసుకుంది. "అమ్మో, దొంగ బ్యాంకు! ఏకంగా బిల్డింగే కట్టేశారు!" అని కేకలు పెట్టింది.

లోపలి గదిలోంచి మేనేజరు అరిచాడు. "ఎవరమ్మా ఆ గోల? లంచ్ టైమని తెలీదా? మూడింటికి రండి!"

ఆ మాటతో ఆమె ప్రాణం కుదుటపడింది. పిడికిలి విప్పి, మజ్జిగ అందుకుని, మూడింటిదాకా బెంచీ మీద హాయిగా కూర్చుంది.